వాగులో వెంచరు, కుందూలో కృష్ణ

మొన్న సంక్రాంతికి ఊరికెళ్ళినప్పుడు మా చిన్నాయన ఒక రంగుల బ్రోచరు తెచ్చి నా చేతిలో పెట్టినాడు. నంద్యాల నుంచి బండాత్మకూరుకి పోయే దారిలో (కాగితాల్లో బండి ఆత్మకూరు, మా నోట్లో మాత్రం బండాత్మకూరే) ముప్పై ఎకరాల వెంచరు. ఆర్చి, పార్కు, ఎల్ఈడీ దీపాలు, వాస్తు, అన్నీ ఉన్నాయి. ప్లానులో ఒక పక్క నలభై అడుగుల రోడ్డు గీసినారు.

"ఈ రోడ్డు ఎక్కడి నుంచి వస్తాంది చిన్నాయనా?" అన్నాను.

"అది రోడ్డు గాదురా. మన వంక."

నల్లమల మీద వాన పడితే రెండు మూడు గంటల్లో మా చేలకి నీళ్ళు దించే వంక అది. ఇప్పుడు దాని మీద ఎర్రమట్టి తోలి రోడ్డు రోలర్ తిప్పినారు. పక్కనే మావి నాలుగెకరాలు. వాటిని కూడా అడుగుతున్నారట. చిన్నాయన నన్ను సలహా అడిగినాడు. ఆ సలహా ఇంకా చెప్పలేదు, చెప్పలేక ఇదంతా రాస్తున్నాను.

ముందు భూగోళం. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో కుందూ. రెండు పక్కల కొండల నీళ్ళూ దిగేది ఈ పళ్ళెంలోకే. నంద్యాల, కోవెలకుంట్ల, చాగలమర్రి మీదుగా పోయి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది. మనిషి ఏమీ చెయ్యకపోయినా పెద్దవాన వస్తే ఈ పళ్ళెం నిండుతుంది. అందుకే పాతకాలం వాళ్ళు ఊళ్ళని మిట్ట మీద కట్టుకుని, వంకల పక్కన జొన్న, కొర్ర వేసుకుని, వాగు దారిలో ఏమీ కట్టకుండా వదిలేశారు. వాళ్ళేమీ పర్యావరణవేత్తలు కాదు, మునిగితే ఏమవుతుందో చూసినవాళ్ళు, అంతే.

ఇప్పుడు మనమేం చేశామో చూద్దాం. రెండు పనులు చేశాం. కుందూలోకి బయటి నీళ్ళు తెచ్చి పోశాం, కుందూకి నీళ్ళు తెచ్చే దారులు మూసేశాం. ఏ ఒక్కటి చేసినా కాస్త తట్టుకునేది. రెండూ ఒకేసారి చేసి "ప్రకృతి వైపరీత్యం" అంటున్నాం.

మొదటి పని సంగతి. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటరు మొదట 11,150 క్యూసెక్కులకి కట్టింది. తర్వాత 44,000కి పెంచారు. 2020లో 80,000 అన్నారు, దాని మీద తెలంగాణతో పేచీ. ఆ నీళ్ళన్నీ వచ్చేది బానకచర్లకి. అక్కడి నుంచి తెలుగుగంగ వెలుగోడు రిజర్వాయరుకి (16.95 టీఎంసీలు), ఎస్సార్బీసీ గోరుకల్లుకి, మిగిలింది నిప్పులవాగు, గాలేరు మీదుగా కుందూలోకి. అంటే బండాత్మకూరు ముంగిట్లో ఒక చిన్న ఏటిని పట్టుకుని కృష్ణకి బైపాస్ రోడ్డు చేశారు. ఇది సీమ ద్రోహి మాట అనుకునేవాళ్ళకి ముందే చెప్తున్నా, నేను నీళ్ళు వద్దనడం లేదు. సీమకి నీళ్ళు కావాలి. 2016 మే 31న సిద్దేశ్వరం అలుగు కోసం కదిలిన రైతుల్లో మావాళ్ళూ ఉన్నారు. నేనడిగేది ఒకటే: కాలువకి లైనింగూ, గట్టూ, కొలతా ఉంటాయి. ఏటికి ఏముంది? దానిలో అదనంగా వదిలే నీళ్ళకి, నల్లమల వాన అదే రోజు కలిస్తే ఏమవుతుందో లెక్క వేసి ఏ ఊరి పంచాయతీ గోడకైనా అంటించారా?

2007 జూన్‌లో నంద్యాల మునిగింది. 2019 సెప్టెంబరులో మహానంది గుడిలోకి నీళ్ళొచ్చాయి, కుందూ పొంగి పక్క ఊళ్ళ దారులు తెగిపోయాయి. 2019 డిసెంబరులో దిగువన రాజోలి, జొలదరాశి రిజర్వాయర్లకి శంకుస్థాపన చేశారు. ఇక 2025లో 200 టీఎంసీల గోదావరి నీళ్ళు బానకచర్లకి తెస్తామని ఒక పథకం పోతే, జూన్ నెలాఖరులో కేంద్ర పర్యావరణ శాఖ నిపుణుల కమిటీ వెనక్కి పంపింది. ఆ చర్చంతా ఏ రాష్ట్రానికి ఎన్ని నీళ్ళు అని నడిచింది. బానకచర్ల కింద ఉండే ఏరు ఎంత మొయ్యగలదు అని టీవీలో ఒక్కడు అడగలేదు. అడిగితే రేటింగ్ రాదు కదా.

రెండో పని మన చేత్తో మనం చేసింది. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి, నాకు భలే ఇష్టమైన ముక్క. కర్నూలు-కడప కాలువని 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ అనే లండన్ కంపెనీ తవ్వింది. పది లక్షల పౌన్ల మీద అయిదు శాతం వడ్డీకి సర్కారు హామీ. కాలువ అయితే తయారైంది కానీ మన రైతులు నీళ్ళు కొనలేదు! దొరలు తలలు పట్టుకున్నారు. ఎందుకు కొనలేదయ్యా అంటే, నల్లరేగడికి వాన తేమ చాలు, జొన్నా పత్తీ పండుతాయి, తడి పెడితే నేల చెడుతుంది అన్నారు. 1876-78 కరువు వచ్చాక గానీ కాలువ మొహం చూడలేదు. 1882లో సర్కారు ఆ కంపెనీని కొనేసి నష్టాన్ని జనం నెత్తిన వేసుకుంది. మన తాతల్ని మూర్ఖులని రాసిన రిపోర్టులున్నాయి. కానీ ఇవాళ కాలవ కింద చివరి మళ్ళలో చౌడు తేలిన నేల చూస్తే ఎవరు మూర్ఖులో కొంచెం ఆలోచించాలి.

ఇప్పుడు ఎటు చూసినా వరి. ఒక లెక్క వేసి చూశాను (ఆఫీసులో పని లేనప్పుడు, మా మేనేజరు ఇది చదవడులెండి). వరికి పంటకాలంలో 120 సెంటీమీటర్ల నీళ్ళనుకుంటే ఒక టీఎంసీ సుమారు 5,800 ఎకరాలకి సరిపోతుంది. కాలవలో ఇంకిపోయేది ఇంకా తీసెయ్యలేదు. 50 సెంటీమీటర్లతో తీరే ఆరుతడి పంటైతే అదే టీఎంసీతో 14,000 ఎకరాలు. కొర్రకి అంత కూడా అక్కర్లేదు, మూడు నెలల్లో చేతికొస్తుంది. తమాషా ఏంటంటే దేశం మొత్తం వేసే మంచి కొర్ర రకాల్లో సూర్యనంది పుట్టింది మన నంద్యాలలోనే, 1906లో పెట్టిన పరిశోధన స్థానంలో. ఆ స్థానం భూమిలోనే 50 ఎకరాలు మెడికల్ కాలేజీకి ఇస్తామంటే రైతులు కోర్టుకి పోవలసి వచ్చింది. కాలేజీ వద్దని కాదు, విత్తనం పుట్టే నేల తప్ప వేరే నేలే దొరకలేదా అని.

"వరిమళ్ళకి గట్లుంటాయి కదా, వాననీళ్ళు ఆపుతాయి కదా" అని ఒక స్నేహితుడు వాదించాడు. నిజమే, గట్టు ఎత్తు వరకూ ఆపుతాయి. కానీ సెప్టెంబరులో మళ్ళు ముందే నిండి ఉంటాయి. బీటలు తీసిన రేగడి చేను మొదటి వానని గొంతు దాకా తాగుతుంది. నిండిన మడి దించేస్తుంది, అంతే తేడా. అయితే రైతుని తిట్టడానికి ఇది రాయలేదు. వడ్లకి కొనుగోలు కేంద్రం ఉంది, మద్దతు ధర ఉంది. శనగలు పండించినవాడు కోల్డు స్టోరేజీలో పెట్టి ధర కోసం ఏళ్ళు ఎదురు చూసినాడు. నేనైనా వరే వేస్తాను.

వరిమడైనా నయం, కనీసం నేలే. వెంచరు అదీ కాదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయిన దగ్గర్నుంచి రోడ్ల పక్క పొలాలకి రాళ్ళు మొలుస్తున్నాయి. ముప్పై ఎకరాల మీద పది సెంటీమీటర్ల వాన పడితే కోటీ ఇరవై లక్షల లీటర్లు. అయిదువేల లీటర్ల ట్యాంకర్లు 2,400. సిమెంటు రోడ్డు మీద పడ్డది ఇంకదు, వంకేమో పూడ్చేశారు. ఆ 2,400 ట్యాంకర్లు ఎక్కడికి పోవాలో బ్రోచర్లో లేదు. నంద్యాలలో మద్దిలేరు, చామకాలువ పక్క ఇళ్ళవాళ్ళనడగండి, వాళ్ళకి తెలుసు ఎక్కడికి పోతాయో.

చట్టాలు లేవా? బ్రహ్మాండంగా ఉన్నాయి. 2002 వాల్టా చట్టం ఉంది, నీటి దారులు ఆక్రమించకూడదంటుంది. 2006లో వచ్చిన నాలా చట్టం ప్రకారం పొలాన్ని ప్లాట్లు చెయ్యాలంటే అనుమతి తీసుకోవాల్సి వచ్చేది, రుసుము కట్టాల్సి వచ్చేది. అది కాస్తా వసూలు కౌంటరైంది, డబ్బు కట్టావా లేదా అనేదే ప్రశ్న, వంక ఉందా లేదా అనేది కాదు. 2025లో మంత్రివర్గం ఆ చట్టాన్నే ఎత్తెయ్యాలని నిర్ణయించింది, పెట్టుబడులకి అడ్డమట. పొలం ఏమవుతుందో అడిగే ఆ ఒక్క కాగితమూ పోతే ఇక ఆపేదెవరు?

ఇంతా తిట్టి అసలు దొంగని వదిలేస్తే బాగుండదు. ఆ ప్లాట్లు కొనేదెవరు? ఊళ్ళో కూలీలు కాదు. హైదరాబాదులో, బెంగుళూరులో, డాలస్‌లో ఉండే నాలాంటివాళ్ళమే. "ఏదో ఒకటి పడేసి ఉంచుదాం" అని వాట్సాప్‌లో ఫొటో చూసి అడ్వాన్సు పంపిస్తాం. ఇల్లు కట్టం, గడ్డి మొలుస్తుంది. నేనూ 2018లో ఒకటి కొన్నాను. కొన్నాళ్ళకి వెళ్ళి చూస్తే నా ప్లాటు రాళ్ళు చెరువు శిఖంలో తేలాయి. అమ్మినాయన ఫోను ఎత్తడు. అప్పుడు నాకు వచ్చిన కోపం డబ్బు పోయిందని, చెరువు పోయిందని కాదు. అది ఒప్పుకోవాలి.

మనకి బుద్ధి రావడానికి 2015లో చెన్నై చాలదా? పళ్ళికరణై చిత్తడి నేల చుట్టూ ఐటీ కారిడార్ కట్టి, అందులో మన ఆఫీసులు పెట్టి, డిసెంబరులో పడవలెక్కాం. అదే చెన్నైకి తాగడానికి నీళ్ళు మా ఊరి పక్క నుంచే తెలుగుగంగలో పోతాయి. 2022 సెప్టెంబరులో బెంగుళూరు బెల్లందూరు దగ్గర నేను ట్రాక్టరెక్కి ఆఫీసుకి పోయాను. ట్రాక్టరు మీద లాప్‌టాప్ సంచితో నిలబడితే మా అబ్బ గుర్తొచ్చినాడు. ఆయన ట్రాక్టరెక్కింది వడ్లు తోలడానికి.

హాలెండు వాళ్ళు సముద్రాన్నే గట్టేసి ఆపినవాళ్ళు. 1993లో, 1995లో నదులు పొంగాక వాళ్ళు గట్లు ఎత్తు పెంచడంతో సరిపెట్టలేదు. 'నదికి చోటు' అని పథకం పెట్టి ముప్పై పైచిలుకు చోట్ల గట్లు వెనక్కి జరిపి, పొలాలకి పరిహారమిచ్చి నదికి వదిలారు. మనకి అంత డబ్బు లేదంటారు. సరే, డబ్బు అక్కర్లేని పని చెప్తాను. 2020 డిసెంబరులో మొదలుపెట్టిన రీసర్వేలో డ్రోన్లు తిప్పి ప్రతి సెంటుకీ రాయి పాతారు. అదే డ్రోను, అదే రాయి. పాత ఎఫ్ఎంబీ పటాల్లో వంకలు, వాగులు గీసి ఉన్నాయి. మండలానికి వంద వంకలున్నా సరే, వాటి రెండు గట్ల మీదా రాళ్ళు పాతి, సర్వే నంబర్లు సచివాలయం గోడకి అంటించండి. ఆ నంబర్లకి రిజిస్ట్రేషన్ ఆఫీసులో తాళం వెయ్యండి. ప్రోగ్రామ్ రాయాలంటే ఒక వారం పని, నేను ఉచితంగా రాసిస్తాను.

నిన్న రాత్రి చిన్నాయనకి ఫోన్ చేసినాను. అమ్మొద్దని చెప్పడానికే చేసినాను. నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు, "వంక పూడిస్తే రేపు వానొస్తే నీళ్ళు మన చేలోకే గదరా తిరిగేది. అమ్మకపోతే మునుగుతాము, అమ్మితే ఇంగొకడు మునుగుతాడు. నువ్వు చదువుకున్నోడివి, ఏది మంచిదో చెప్పు" అన్నాడు.

తహసిల్దారుకి అర్జీ రాస్తున్నాను చిన్నాయనా, వంక సర్వే నంబరు పంపించు అన్నాను. పొద్దున పంపించినాడు.