తుక్కు అనే ముందు బానెట్ ఎత్తి చూడండి

మొన్న ఒక కార్యాలయంలో నా జీపు కాగితాలు చేత పట్టుకొని ఒక యువ ఉద్యోగి, "సార్, ఇది 1996 బండి. ఇంకెన్నేండ్లు నడుపుతరు? తుక్కుల ఏసి కొత్తది తీసుకోరాదుండ్రి" అన్నాడు. బండి బయట వేపచెట్టు కిందనే ఉన్నది. లేచి నాలుగడుగులు వేస్తే కనబడుతుంది. ఆయన లేవలేదు, చూడలేదు. కాగితం మీది సంవత్సరాన్ని చూశాడు, తీర్పు చెప్పాడు. అబ్బాయి చెడ్డవాడు కాడు, మర్యాదగానే అన్నాడు. అయినా ఆ మాట రెండు రోజులు నన్ను నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ టపా.

మిత్రులారా! సాహిత్యం రాసుకునే చోట ఈ ఇనుప గోల ఏమిటని విసుక్కోకండి. ఇది ఒక్క జీపు సంగతి కాదు. ఒక వస్తువును దాని వయసుతో తూచాలా, దాని ఒంటి స్థితితో తూచాలా అన్నది ప్రశ్న. స్థితితోనే తూచాలని నా వాదం. వయసుతో తూచడం సోమరితనం. ఆ సోమరితనానికి ప్రభుత్వం రుసుము కూడా వసూలు చేస్తున్నది.

నాది మహీంద్రా ఎంఎం 540. నాలుగు చక్రాలకూ శక్తి అందే బండి, డీజిలు ఇంజను. 1947లో బొంబాయిలో అమెరికా విల్లీస్ జీపులను బిగించడంతో మొదలైన వంశంలోనిది. పాత వరంగల్లు జిల్లాలో పెరిగిన మా తరానికి జీపు అంటే తహసీల్దారు, అటవీ అధికారి, పోలీసు, ఎన్నికల మైకు. 2016 అక్టోబరు 11న జిల్లా ముక్కలై జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వేర్వేరు జిల్లాలైనాయి. మా చుట్టరికాలు మాత్రం ముక్కలు కాలేదు. జనగామ నుంచి పాలకుర్తి, తొర్రూరు మీదుగా మహబూబాబాద్, అక్కడి నుంచి గూడూరు, కొత్తగూడ వైపు అడవి పల్లెలు. మరోవైపు పరకాల దాటి భూపాలపల్లి, ఆపైన మహదేవపూర్, కాళేశ్వరం. పెళ్లికీ చావుకూ ఈ దారుల్లో తిరగవలసినవాణ్ణి.

తారు రోడ్లు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి, సంతోషం. కానీ తారు ఊరి దగ్గర ఆగుతుంది. చేను దగ్గరికి, గూడెం చివరి ఇంటికి, వానాకాలంలో కోసుకుపోయిన బాటకు తారు లేదు. నల్లరేగడిలో మామూలు కారు వెనుక చక్రమో ముందు చక్రమో తిరుగుతూ తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. నా జీపులో గేరు రాడ్డు పక్కన మరో రెండు చిన్న రాడ్లున్నాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా శక్తిని కలుపుతుంది. రెండవది వేగాన్ని బాగా తగ్గించి బలాన్ని పెంచుతుంది. అప్పుడు బండి ఎద్దులాగా, తొందర లేకుండా, పట్టుదలతో బయటికి వస్తుంది.

పాల్కురికి సోమనాథుడి పాలకుర్తి మీదుగా వెళ్లినప్పుడల్లా నాకొక ఆలోచన వస్తుంది. పామరునికి కూడా తెలిసే జాను తెనుగును కోరినవాడాయన. యంత్రాలలో జాను తెనుగు అంటూ ఉంటే అది ఈ జీపే. ఇందులో కంప్యూటరు లేదు, దాచిన రహస్యం లేదు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడికి పోతుందో కంటికి కనబడుతుంది. విప్పితే అర్థమవుతుంది, అర్థమైతే బాగుపడుతుంది. నేటి వాహనాలు ఎన్నో సుఖాలిస్తాయి, కాదనను. కానీ యజమానికి తన బండి భాష రాకుండా చేశాయి.

అలాగని పాత బండిని పోషించడం పువ్వుల పాన్పు అని చెబితే అబద్ధమవుతుంది. ఇది ఇంట్లో పశువును పెట్టుకున్నట్టే. నెలకొకసారి గ్రీజు గన్నుతో జాయింటు రాడ్డు క్రాసులకూ, కమాను పిన్నులకూ గ్రీజు ఎక్కించాలి. బ్రేకు ఆయిలు రెండేళ్లకోసారి మార్చాలి, అది గాలిలోని చెమ్మను పీల్చుకొని సిలిండర్లను లోపలి నుంచి తింటుంది. ముందు చక్రాల దగ్గరి ఆయిలు సీళ్లు కారుతున్నాయేమో చూడాలి. చాసిస్‌లో, కాళ్ల కింది రేకులో తుప్పు మొదలైతే రంగుతో కప్పి మురిసిపోకూడదు. గీకి, కోసి, కొత్త రేకు అతికించాలి.

వాగు దాటిన తరువాత మరో పని ఉన్నది. వేడిగా ఉన్న హౌజింగు చల్లని నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకొని నీటిని లోనికి లాగుతుంది. మరునాడు అడుగు బోల్టు విప్పితే గేరు ఆయిలు చాయ రంగులో కారుతుంది. ఆ రంగు చూసీ చూడనట్టు ఊరుకున్నవాడు కొద్ది నెలల్లో బేరింగులకు సొమ్ము చెల్లిస్తాడు. అవసరం లేకున్నా నెలకొకసారి నాలుగు చక్రాల రాడ్డు వేసి మట్టిబాటలో రెండు కిలోమీటర్లు నడపాలి, లేకుంటే ముందు హౌజింగులో గేర్లు ఎండిపోతాయి. గట్టి తారు మీద మాత్రం ఆ రాడ్డు వేయకూడదు. మలుపులో ముందు చక్రాలు, వెనుక చక్రాలు ఒకే దూరం తిరగవు. తారు మీద ఆ తేడా జారిపోవడానికి వీలులేక యంత్రం బిగుసుకుపోతుంది. కొన్నవారిలో ఎందరో ఈ సంగతి తెలియకనే గేర్‌బాక్సులు విరగ్గొట్టుకున్నారు.

ఇవన్నీ నాకు నేర్పినది హనుమకొండలో ఒక షెడ్డు మేస్త్రీ. స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడిని చెవికి ఆనించి రోగం చెప్పగలడు. "సారూ, బండి నడిస్తె చెడిపోదు, నిలవెడితెనే చెడిపోతది" అంటాడు. వాడుక లేని పద్యం మరుపున పడినట్టే కదా! ప్రతి పాత బండినీ తుక్కు చేస్తే ఆ ఇనుము కరిగి మళ్లీ ఇనుమవుతుంది. ఆయన చెవిలోని విద్య మాత్రం కరిగితే ఏమీ కాదు. దానికి విలువ కట్టే పట్టిక ఏ కార్యాలయంలోనూ లేదు.

ఇక చట్టం మాట. మా వీధిలో చాలామంది పదిహేనేళ్లు దాటిన బండిని పట్టుకుపోతారని భయపడుతున్నారు. అది ఢిల్లీ ప్రాంతపు ఉత్తర్వుల వార్తలు చెవిన పడి పుట్టిన భయం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత వాహనం నమోదు పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆ తరువాత పరీక్షలో నెగ్గితే అయిదేళ్లకొకసారి పొడిగిస్తారు. నా జీపుకు 2011, 2016, 2021లో అలాగే పొడిగించారు. మూడుసార్లూ పరీక్షకు నిలబడింది, మూడుసార్లూ నెగ్గింది.

2021 ఆగస్టు 13న కేంద్రం వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించింది. దానికి పెట్టిన పేరులోనే 'స్వచ్ఛంద' అన్న మాట ఉన్నది. పరీక్షలో తప్పిన వాహనానికే ఆయువు తీరినట్టు లెక్క అని ఆ విధానమే చెబుతున్నది. చక్కని మాట, నేను సంతకం పెడతాను. మరి రుసుముల సంగతి? కారు, జీపు వంటి వాహనాల నమోదు పొడిగింపునకు 600 రూపాయలుండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటినవాటికి అది 5,000 అయింది. 2025 ఆగస్టులో, ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. నా బండి 2021 విడతకూ 2026 విడతకూ మధ్య అయిదేళ్లు పెద్దదైంది, రుసుము దాదాపు పదిహేడు రెట్లు పెద్దదైంది! పరీక్ష నెగ్గినవాడిని కూడా దండించేటప్పుడు ఇక పరీక్ష ఎందుకు? 'స్వచ్ఛంద' శబ్దానికి నేను నలభై ఏళ్లుగా పిల్లలకు చెప్పిన అర్థం వేరు.

ప్రభుత్వం తన సొంత బండ్ల విషయంలో ఆ పరీక్షను కూడా వదిలేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల నమోదు పొడిగించడం లేదు. సైన్యం, శాంతిభద్రతల వంటి ప్రత్యేక అవసరాల వాహనాలకు మాత్రమే మినహాయింపు. మంచి స్థితిలో ఉన్నదా లేదా అన్న ప్రశ్నే లేదు. ఒకప్పుడు అటువంటి జీపులు వేలంలో పల్లెలకు చేరి మరో ఇరవై ఏళ్లు బతికేవి. ఇప్పుడు నేరుగా తుక్కు కేంద్రానికే. ఎలుకల బాధకు ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే.

వయసు అంకె అంత పవిత్రమైనదా? తెలంగాణలో మా పదవీ విరమణ వయసు 58గా ఉండేది. 2021లో 61 చేశారు. మార్చినది శాసనమే కానీ మనిషి ఎముకలు కావు. అవసరమైతే ఆ అంకె కదులుతుందని ప్రభుత్వానికి బాగా తెలుసు.

ఎదుటి పక్షం మాటలో సత్యం లేదనను. నా జీపు బీఎస్ ప్రమాణాలేవీ పుట్టకముందుది. 2020 ఏప్రిల్ నుంచి అమ్ముడవుతున్న బీఎస్-6 బండితో పొగ విషయంలో అది సరితూగదు. గాలిసంచులు లేవు, బ్రేకులు నేటి బ్రేకులంత చురుకైనవి కావు. అందుకే నేను జాతీయ రహదారి మీద రాత్రి నడపను, అరవై దాటను. ఏడాదికి మూడు వేల కిలోమీటర్లు మించవు. రోజూ నగరంలో తిరిగే కొత్త కారు ఏడాదికెంత గాలిని మింగుతుందో దానితో కలిపి లెక్క వేయండి. బండి పుట్టిన తేదీకి కాదు, వదిలే పొగకు పన్ను వేయండి. కడతాను.

మరొక పక్షంతో కూడా నాకు పేచీ ఉన్నది. వారు పాత జీపును ప్రేమిస్తున్నామంటారు. కొంటారు, తాటిచెట్టంత ఎత్తు లేపుతారు, చక్రాలు బయటికి పొడుచుకు వచ్చేటట్టు బిగిస్తారు, కళ్లు పోయే దీపాలు పెడతారు. వాహనం మూల నిర్మాణాన్ని మార్చరాదని చట్టం చెబుతున్నది, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ఆ వేషంతో భూపాలపల్లి అడవి బాటల్లో, వాగుల్లో బురద చిమ్ముతూ వీడియోలు తీసుకుంటారు. తుక్కు చేయాలనేవారికి వీరు ఇచ్చినంత బలం ఎవరూ ఇవ్వలేదు.

నాలుగు చక్రాల బండి ఉన్నదని పొంగే వాగులోకి దిగేవాడు వీరుడు కాడు. 2023 జూలై 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగినప్పుడు జనాన్ని కాపాడినవి పడవలు, హెలికాప్టర్లు. 2024 సెప్టెంబరు 1న మరిపెడ దగ్గర ఆకేరు వాగు మనుషులతో సహా కారును ఈడ్చుకుపోయింది. నీరు పారుతున్నప్పుడు బరువైన జీపు కూడా తేలే డబ్బానే. జీపు పని నీరు తీసిన తరువాత మొదలవుతుంది. తారు కొట్టుకుపోయి ఒండ్రు మేట వేసిన బాటలో బియ్యం మూటో, మందుల పెట్టెనో, నడవలేని ముసలమ్మనో దాటించడం దాని ధర్మం. ఆ పనికి వీడియో అక్కరలేదు.

కనుక నేను కోరేది జాలి కాదు. పరీక్షను ఎంతైనా కఠినం చేయండి. బ్రేకు చూడండి, పొగ చూడండి, స్టీరింగు చూడండి, చాసిస్ తుప్పును సుత్తితో కొట్టి చూడండి. తప్పితే నా చేతులతోనే తుక్కుకు తోలుకుపోతాను, కన్నీళ్లు పెట్టుకొని అయినా సరే. నెగ్గితే మాత్రం కొత్త బండికి ఎంతో దానికీ అంతే రుసుము తీసుకొని పంపండి. ఎవరైనా కాగితం మీది సంవత్సరం చూసి "తుక్కు" అనబోయే ముందు ఒక్కసారి కుర్చీలోంచి లేచి, వేపచెట్టు దాకా వచ్చి, బానెట్ ఎత్తి చూడమని నా ప్రార్థన.

నా వాదంలో లోపముంటే విజ్ఞులు మొగమాటపడకుండా వ్యాఖ్యలలో ఖండించండి. సమాధానం చెప్పగలిగితే చెబుతాను, లేకుంటే ఒప్పుకుంటాను. రేపు ఉదయం మాత్రం ఆలస్యమవుతుంది. ముందు చక్రాల ఆయిలు సీళ్లు మార్చే పని ఉన్నది.