445వ పోర్టును ఎవరు కాయుచున్నారు?

కాగితపు కట్టల స్థానమున కంప్యూటరు ఫైళ్లు వచ్చి చేరిన కార్యాలయములందు, వానిని నిలువచేయు సర్వరొకటి యుండి, తక్కిన యంత్రములన్నియు నెట్‌వర్కు మార్గమున దానిని చేరి, ఫైళ్లను తెరచుచు, దిద్దుచు, మరల భద్రపరచుచు నుండును. విండోస్ యంత్రముల నడుమ ఈ రాకపోకలు ఎస్‌ఎంబీ అను ప్రోటోకాల్ ననుసరించి 445వ నెంబరు పోర్టు ద్వారా సాగును. కార్యాలయము లోపల అత్యావశ్యకమైన యీ పోర్టు ఇంటర్నెట్టు వైపు తెరచియుండుట, ధాన్యపు గాదె తలుపును నడివీధిలోనికి పెట్టుట వంటిది. అది మూసియున్నదో లేదో విచారించుట కార్యాలయాధిపతి విధియే గాని, సాంకేతికుని తీరికకు విడువదగిన పని కాదని నా దృఢాభిప్రాయము.

2017వ సంవత్సరము మే 12వ తేదీన వన్నాక్రై అను దుష్ట ప్రోగ్రాము ఈ మార్గముననే విజృంభించి, ఫైళ్లను గూఢలిపిలోనికి మార్చి, వాని విడుదలకు బిట్‌కాయిన్ల రూపమున ధనము నడుగుచు, సుమారు 150 దేశములకు వ్యాపించెను. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని వాతబడెను. బ్రిటనులోని జాతీయ ఆరోగ్య సేవా సంస్థ వేలకొలది రోగుల అపాయింట్‌మెంట్లను రద్దుచేయవలసి వచ్చెను. శోచనీయమైన విషయమేమనగా, వన్నాక్రై వాడుకొనిన విండోస్ లోపమును సవరించు ప్యాచ్‌ను మైక్రోసాఫ్ట్ సంస్థ మార్చి 14వ తేదీననే విడుదల చేసియుండెను. ప్యాచ్ వేయని సంస్థలు సైతము ఇంటర్నెట్టు వైపు ఫైర్‌వాల్‌ను సరిగా నిర్వహించుకొనియుండినచో రక్షణ పొందియుండెడివని బ్రిటనులోని నేషనల్ ఆడిట్ ఆఫీసు తన నివేదికలో తేల్చెను.

ఈ పోర్టు మూసియున్నదో లేదో పరీక్షించుట కష్టసాధ్యము కాదు. సర్వరు మీద నెట్‌స్టాట్ ఆజ్ఞ నిచ్చినచో 445వ పోర్టు తెరచియున్నట్లు కనబడును. ఫైళ్ల నందించు యంత్రమున కది సహజమే గాన, దానినిబట్టి భయపడనక్కరలేదు, అంతటితో విచారణ ముగింపనురాదు. అసలు పరీక్ష బయటి నుండి జరుగవలెను. అధికారుల లిఖితపూర్వకానుమతితో, కార్యాలయపు నెట్‌వర్కుతో సంబంధము లేని కనెక్షన్ మీదుగా, ఎన్‌మ్యాప్ వంటి సాధనముతో తమ సంస్థ పబ్లిక్ ఐపీ చిరునామాను మాత్రమే పరిశీలింపవలెను. కొన్ని ఇంటర్నెట్ కంపెనీలు 445ను తామే అడ్డగించుట కలదు గనుక, ఒక్క చోటి ఫలితమును నమ్మక వేర్వేరు కనెక్షన్ల నుండి చూచుట యుక్తము.

మూయునపుడు ఫైర్‌వాల్‌లో లోనికి వచ్చు దిశను మాత్రమే గాక, వెలికి పోవు దిశను గూడ నిరోధింపవలెను. ఏలయన లోపలి యంత్రమొకటి మోసపు లింకు ననుసరించి బయటి సర్వరును చేరబోయినపుడు, లాగిన్ వివరములు హ్యాష్ రూపమున పరుల చేజిక్కగలవు. లోపల గూడ ఫైళ్ల సర్వరు తప్ప, సిబ్బంది వాడు సామాన్య యంత్రములు ఒండొంటి నుండి ఈ పోర్టుపై కనెక్షన్లు స్వీకరింపకుండ కట్టడి చేసినచో, ఒకదానికి సోకినది ఈ దారిన మరియొకదానికి ప్రాకజాలదు. కాలము చెల్లిన ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్‌ను తొలగింపవలెను. పోర్టును మూసినచో ఇంటి నుండి పనిచేయువారికి అసౌకర్యము కలుగునని కొంద రాక్షేపింతురు. వారికి వీపీఎన్ అను సురక్షిత మార్గము కలదు గాన, అందరికొరకు పోర్టును తెరచియుంచుటకు అది కారణము కానేరదు.

ప్రజల భూపత్రములను, వైద్య వివరములను, పొదుపు ఖాతాలను కాపాడు బాధ్యత వహించిన ప్రతి సంస్థాధిపతియు మూడు మాసముల కొకసారి ఈ పరీక్షను జరిపించి, ఫలితమును తేదీతో సహా నమోదు చేయించి, దాని క్రింద స్వయముగా సంతకము చేయవలెనని కోరుచున్నాను.