డబ్బుకూ ఒక సంత రోజు

బస్తర్‌లో ఏ పని ఆగినా సంత ఆగదు. జగదల్‌పూర్‌లో ఆదివారం, తోకాపాల్‌లో సోమవారం, లోహండిగూడలో శుక్రవారం. ఇప్పపూవు, చింతపండు, సారపప్పు తలకెత్తుకుని ఆదివాసీ మహిళలు మైళ్ళు నడిచి వస్తారు. తెచ్చింది అమ్మి, ఉప్పూ నూనే ఎండు చేపలూ కొనుక్కుని, పొద్దువాలేలోగా ఇంటిదారి పడతారు. వచ్చిందెంత, పోయిందెంత, కొంగున మిగిలిందెంత అన్నది ఆ సాయంత్రానికే తేలిపోతుంది.

దక్షిణాన బైలదిల్లా కొండల కింద ఇంకో బస్తర్ ఉంది. 1968లో ఎన్‌ఎండీసీ ఇక్కడ ఇనుప ఖనిజం తవ్వకం ప్రారంభించింది. ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చే కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం వెంట ఉత్తరాంధ్ర కుటుంబాలు కూడా వచ్చి కిరండూల్, బచేలి పట్టణాల్లో స్థిరపడ్డాయి. గని పని షిఫ్టుల్లో సాగుతుంది. రాత్రి షిఫ్టు దిగిన మనిషి పడుకునే వేళకు బ్యాంకు తెరుస్తారు, లేచి తయారయ్యేసరికి మూసేస్తారు. జీతం ఖాతా ఇక్కడ, పాత ఖాతా విశాఖలో, ఇంటి రుణం ఇంకోచోట, పాలసీ కాగితాలు ఊళ్ళో బీరువాలో. ఇలాంటి ఇళ్ళలో చిక్కు డబ్బు లేక రాదు, దాని వంక చూసే తీరిక లేక వస్తుంది. హైదరాబాద్‌లో ల్యాప్‌టాప్ ముందు పన్నెండు గంటలు కూర్చునే ఉద్యోగి పరిస్థితీ ఇంతకన్నా మెరుగేమీ కాదు.

తీరిక దొరికినప్పుడు చూద్దామనుకుంటే అది దొరకదు. అయితే ఇదే మనిషి చీటీ పాట తేదీని మాత్రం ఏనాడూ మరచిపోడు. కారణం స్పష్టమే. దానికొక రోజుంది, ఆ రోజున ఎదురుచూసే మనుషులున్నారు. మిగతా డబ్బుకు ఆ రెండూ లేవు.

చూడకపోతే ఏమవుతుంది? రెండేళ్ళపాటు లావాదేవీ జరపని పొదుపు ఖాతాను బ్యాంకు పనిచేయని ఖాతాల జాబితాలోకి నెడుతుంది. దాన్ని మళ్ళీ కదిలించాలంటే గుర్తింపు పత్రాలు పట్టుకుని వెళ్ళాలి. పదేళ్ళు ఎవరూ అడగని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిర్వహించే నిధికి చేరుతుంది. ఆ తర్వాత కూడా సొంతదారుకో వారసులకో దాన్ని అడిగి తీసుకునే హక్కు ఉంటుంది. అలాంటి సొమ్మును వెతికి పట్టుకోవడానికే రిజర్వు బ్యాంకు 2023లో 'ఉద్గమ్' పోర్టల్ తెచ్చింది. కానీ వెతకాలంటే ముందు అలాంటి ఖాతా ఒకటి ఉందని ఇంట్లో ఎవరికో తెలిసి ఉండాలి కదా.

తీరిక లేనిది ఉద్యోగులకే కాదు. బస్తర్ పల్లెల్లో ఏప్రిల్, మే నెలలంటే తునికాకు కాలం. తెల్లవారుజామునే అడవికి వెళ్ళి కోసుకొచ్చి, 50 ఆకుల చొప్పున కట్టలు కడతారు. వెయ్యి కట్టలైతే ఒక ప్రామాణిక బస్తా. దాని ధరను ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2024లో 4,000 నుంచి 5,500 రూపాయలకు పెంచింది. అంటే కట్టకు ఐదున్నర రూపాయలు. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో 2 లక్షల రూపాయల ప్రమాద బీమాకు ఏడాది ప్రీమియం 20 రూపాయలు, నాలుగు కట్టల ఖరీదుకన్నా తక్కువ. ఏ కారణంతో మరణించినా 2 లక్షలిచ్చే జీవనజ్యోతి బీమాకు 436 రూపాయలు, సుమారు 80 కట్టలు. ఈ రెండింటి గడువూ మే 31తో ముగుస్తుంది. ఆ నెలాఖరున బ్యాంకు ఖాతాలోంచి ప్రీమియం తనంతట తాను మినహాయించుకుంటుంది. అడవిలో పని ముమ్మరంగా ఉన్న రోజులవి. ఆకు డబ్బు అప్పటికి జమకాక, ఖాతా ఖాళీగా ఉంటే బీమా రక్షణ చడీచప్పుడూ లేకుండా ఆగిపోతుంది. 20 రూపాయలు లేక 2 లక్షలు పోయిన సంగతి ఆ ఇంటికి తెలిసేది కష్టం వచ్చిన రోజునే.

కాంట్రాక్టు కార్మికుడిది ఇంకో కథ. కాంట్రాక్టరు మారినప్పుడల్లా పీఎఫ్ ఖాతా మారుతుంది. 2014లో వచ్చిన యూఏఎన్ నంబరు వాటన్నిటినీ ఒక్క గొడుగు కిందికి తెచ్చింది గానీ, పాత సొమ్ము కొత్త ఖాతాకు బదిలీ అయిందో లేదో సభ్యుడే చూసుకోవాలి. ఉద్యోగంలో ఉండగా పీఎఫ్ సభ్యుడు మరణిస్తే, దానికి అనుబంధంగా ఉన్న బీమా కింద కుటుంబానికి గరిష్ఠంగా 7 లక్షల రూపాయల దాకా వస్తుంది. నామినీ పేరు నమోదు కాకపోతే ఆ కుటుంబం ఆఫీసుల చుట్టూ తిరగాలి.

బస్తర్ సంతకు ఒక చేదు జ్ఞాపకం కూడా ఉంది. కిలో ఉప్పు కొలిచి ఇచ్చి, అంతే బరువు సారపప్పు తీసుకుపోయిన వ్యాపారుల కాలం అది. నష్టపోయినవారు బద్ధకస్తులు కారు, అడవంతా తిరిగి కష్టపడినవారే. కాకపోతే తక్కెడ ఎదుటివాడి చేతిలో ఉంది. ఇవాళ ప్రీమియం, ఈఎంఐ, కార్డు వడ్డీ అన్నీ వాటంతటవే ఖాతాలోంచి కోతపడుతున్నాయి. నెలకొక్కసారైనా ఆ పద్దు చదవనివారు తమ తక్కెడను ఎదుటివారికి అప్పగించినట్టే.

కాబట్టి ఇంటి డబ్బుకూ ఒక సంత రోజు పెట్టండి. జీతం పడ్డాక వచ్చే మొదటి ఆదివారం, ఒక్క గంట చాలు. షిఫ్టు అడ్డొస్తే మర్నాడు. ఆ గంటలో భార్యాభర్తలిద్దరూ కూర్చోవాలి. ఒక్కరి బుర్రలో ఉన్న లెక్క ఆ ఒక్కరితోనే పోతుంది. ముందు పోయిన నెల పద్దు చదవండి, గుర్తుపట్టలేని కోత కనిపిస్తే సోమవారం బ్యాంకుకు ఫోన్ చేయండి. తర్వాత రాబోయే మూడు నెలల్లో కట్టాల్సిన ప్రీమియాలు, ఫీజులు, వాయిదాలు రాసుకోండి. చివరగా, ఇంట్లో మిగలాల్సిన మొత్తం జీతం పడిన మర్నాడే రికరింగ్ డిపాజిట్‌కు మళ్ళేలా బ్యాంకులో రాసివ్వండి. ఖర్చయ్యాక మిగిలేది పొదుపు చేద్దామంటే మిగలదు.

మొదటి నెల మాత్రం పని కాస్త ఎక్కువే. ఒక నోటుపుస్తకంలో ఖాతాలు, పాలసీలు, పీఎఫ్, రుణాలు, చీటీలు అన్నీ వరుసగా రాయండి. ఏది ఎక్కడుంది, నామినీ ఎవరు అన్నది చాలు, పిన్ నంబర్లు వద్దు. అవసరంలేని పాత ఖాతాలు ఎత్తేయండి. బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకునే వీలు 2025 నవంబరు 1 నుంచి వచ్చింది. పెళ్ళికి ముందు రాసిన నామినీ పేరు ఇంకా అలాగే ఉందేమో చూడండి.

ఆ పుస్తకం ఎక్కడ పెట్టారో ఇంట్లో ఇంకొకరికి చెప్పండి. చెప్పకపోతే రాసిన ఫలితం దక్కదు.