ఆవలి కొసన నిలిచిన ఆబిద్ అలీ

క్రికెట్ అభిమానులు నలుగురు ఒకచోట చేరితే కాసేపటికల్లా ఒక కాలక్షేపం మొదలవుతుంది: సర్వకాలిక భారత టెస్టు జట్టును ఎంపిక చేయడం. గవాస్కర్, సెహ్వాగ్, ద్రావిడ్, టెండూల్కర్ అంటూ పేర్లు దొర్లుతాయి. హైదరాబాదు వంతు వచ్చేసరికి వాదన అజహరుద్దీన్, లక్ష్మణ్‌ల మధ్య ఆగుతుంది. పెద్దవయసు వారెవరైనా ఉంటే జయసింహ సొగసును తలుచుకుని నిట్టూరుస్తారు. సయ్యద్ ఆబిద్ అలీ పేరు ఎవరి నోటా రాదు. రాకపోవడంలో అన్యాయమేమీ లేదు. ఆ పదకొండుమందిలో ఆయనకు చోటు ఉందని నేనూ వాదించను. నా అభ్యంతరమల్లా ఆ ఎంపికకు మనం వాడే కొలబద్ద మీద. ఆ ఒక్క కొలబద్దనే పట్టుకుని కూర్చుంటే టెస్టు మ్యాచ్ ఎలా గెలుస్తారో మనకు ఎన్నటికీ బోధపడదు.

ఆబిద్ అలీ 2025 మార్చి 12న అమెరికాలోని కాలిఫోర్నియాలో కన్నుమూశారు. వయసు 83. ఆ వార్తతో పాటే అందరికీ గుర్తుకొచ్చిన దృశ్యం ఒకటే: 1971 ఆగస్టు 24న ఓవల్ మైదానంలో ఆయన కొట్టిన గెలుపు బౌండరీ. ఇంగ్లండు గడ్డ మీద మనకది తొలి టెస్టు విజయం కనుక ఆ ఫోరు గుర్తుండడం సహజమే. అయితే ఏడేళ్ళపాటు 29 టెస్టులాడిన మనిషిని ఒక్క బంతికి కుదించి వీడ్కోలు చెప్పేయడం నాకు మింగుడు పడలేదు.

ముందుగా అంకెల సంగతి తేల్చేద్దాం. 1967 నుండి 1974 దాకా ఆడిన ఆ 29 టెస్టుల్లో ఆయన చేసినవి 1018 పరుగులు, సగటు 20.36. తీసినవి 47 వికెట్లు, సగటు 42.12. సెంచరీ లేదు. ఈ పట్టికను ఇవాళ్టి కుర్రవాడి ముందు పెడితే "ఇతను బౌలరా, బ్యాట్స్‌మనా?" అని అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. జవాబు కావాలంటే ఆ కాలపు భారత జట్టు ఎలా నడిచేదో చూడాలి.

అప్పటి మన బలమంతా స్పిన్ బౌలింగే. బేడీ, ప్రసన్న, చంద్రశేఖర్, వెంకటరాఘవన్. కొత్త బంతి వీరికి అంతగా సహకరించదు. పైపూత నున్నగా ఉన్నంతసేపు వేళ్ళకు పట్టు చిక్కదు. కాబట్టి ఆ మెరుపు తగ్గేదాకా ఎవరో ఒకరు బౌలింగు చేయాలి. ఒక్కొక్కప్పుడు గవాస్కరే కొత్త బంతి పుచ్చుకున్న రోజులవి. ఎక్కువగా ఆ బాధ్యత ఆబిద్ అలీదీ, ఏక్‌నాథ్ సోల్కర్‌దీ. ఓవల్ టెస్టు రెండో ఇన్నింగ్స్‌లో వీరిద్దరూ వేసినవి మూడేసి ఓవర్లు. ఆ తరువాత చంద్రశేఖర్ 38 పరుగులకు ఆరు వికెట్లు తీసి ఇంగ్లండును 101కి కూల్చాడు. ఆ మూడు ఓవర్లను ఎవరు గుర్తుంచుకుంటారు? పెళ్ళిలో పందిరి వేసినవాడి పేరు శుభలేఖలో ఉండదు కదా!

పోనీ, ఆయన బౌలింగు బంతిని అరగదీయడానికి మాత్రమే పనికొచ్చిందా? 1967 డిసెంబరులో అడిలైడులో తొలి టెస్టు ఆడుతూ ఆస్ట్రేలియా మీద 55 పరుగులకు ఆరు వికెట్లు తీశారు. అదే పర్యటన చివర సిడ్నీలో బ్యాటింగు కూడా ఆరంభించి 78, 81 పరుగులు చేశారు. 1971 ఓల్డ్ ట్రాఫర్డ్ టెస్టు మొదటి రోజు భోజన విరామానికి ముందే నాలుగు వికెట్లు పడగొట్టి ఇంగ్లండును 41కి నాలుగు దగ్గర నిలబెట్టారు. వాన వచ్చి ఆ మ్యాచ్ తేలకుండా ముగిసింది గనుక ఆ ఉదయమూ జ్ఞాపకాల్లోంచి జారిపోయింది.

నన్నడిగితే ఆయన ఆటను అర్థం చేసుకోవడానికి ఓవల్ కన్నా అదే సంవత్సరం మార్చిలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో జరిగిన టెస్టు మేలైన ఉదాహరణ. వెస్టిండీస్ మీద మనం గెలిచిన మొట్టమొదటి టెస్టు అది. మ్యాచ్ మొదటి బంతికే రాయ్ ఫ్రెడరిక్స్‌ను బౌల్డ్ చేసినది ఆబిద్ అలీ. చివర 124 పరుగుల లక్ష్యాన్ని చేరుకుంటున్నప్పుడు గవాస్కర్ 67 పరుగులతో అజేయంగా నిలిచాడు. అది గవాస్కర్ ఆడిన తొలి టెస్టు. అందరి కళ్ళూ ఆ కొత్త కుర్రవాడి మీదే. ఆవలి కొసన 21 పరుగులతో అజేయంగా నిలిచినవాడు ఆబిద్ అలీ. అంటే ఆ టెస్టు తొలి బంతికీ, ఆఖరి పరుగుకూ కూడా మైదానం నడిమధ్యన ఉన్న భారతీయుడు ఆయనే. అదే సిరీస్ చివరి టెస్టులో, మళ్ళీ అదే మైదానంలో, వెస్టిండీస్ గెలుపు కోసం ఆడుతుండగా కన్హాయ్‌నూ, సోబర్స్‌నూ వరుస బంతుల్లో బౌల్డ్ చేశారు. ఆ మ్యాచ్ డ్రా అయింది, సిరీస్ 1-0తో మనదైంది. సగటు 42 అన్న అంకెలో సోబర్స్ వికెట్టుకూ, ఓడిపోయిన ఆటలో పదకొండో నంబరు వికెట్టుకూ ఒకటే విలువ. ఆటలో మాత్రం అవి రెండూ ఒకటి కావు. నా వాదమంతా ఇంతే.

ఇక ఫీల్డింగు. శిరస్త్రాణాలు లేని ఆ రోజుల్లో బ్యాట్స్‌మన్‌కు చేయిచాపు దూరంలో నిలబడడానికి గుండె ఉండాలి. సోల్కర్ 27 టెస్టుల్లో 53 క్యాచులు పట్టాడు. ఆబిద్ అలీ 29 టెస్టుల్లో 32 పట్టారు. బేడీ, చంద్రశేఖర్‌ల ఖాతాల్లో పడిన వికెట్లలో వీరి చేతుల వాటా ఎంతో లెక్కగట్టే పట్టిక ఏదీ లేదు. మరో పోగు పరుగులు వికెట్ల మధ్య ఆయన పరుగెత్తే వేగం వల్ల అవతలివాడి ఖాతాలో చేరాయి. వాటికీ లెక్క లేదు.

ఈ కథకు రెండో పక్క కూడా ఉంది. దాన్ని దాచిపెట్టి పొగడ్త వ్రాయడం ఆయనకూ మర్యాద కాదు. 1971లో వెస్టిండీస్‌కూ, ఇంగ్లండుకూ వెళ్ళిన రెండు జట్లలోనూ దేవరాజ్ గోవిందరాజ్ అనే పేస్ బౌలర్ ఉన్నాడు. ఈయనదీ హైదరాబాదే. రెండు పర్యటనల్లోనూ ఒక్క టెస్టు కూడా ఆడలేదు, ఆ తరువాతా ఆడలేదు. కొత్త బంతిని నాలుగు ఓవర్లు వేసి, బ్యాటింగూ చేసి, క్యాచులూ పట్టే మనిషి దొరికినప్పుడు బౌలింగు ఒక్కటే చేయగల పేసర్ ఎందుకని జట్టు అనుకుంది. ఆ లెక్క ఆ ఏడాదికి గెలుపు తెచ్చింది. 1978లో కపిల్ దేవ్ వచ్చేదాకా మనకు నికార్సయిన పేస్ బౌలింగు లేకపోవడానికి కూడా ఆ లెక్కే ఒక కారణమని నా అభిప్రాయం. జట్టుకు ఏ పని కావాలో ఆ పని చేయడం ఆటగాడి ధర్మం; ఏ పని కావాలో నిర్ణయించేది అతను కాదు. కాబట్టి ఈ తప్పు ఆబిద్ అలీది కాదు. కాని 1971ని తలుచుకునేటప్పుడు పెవిలియన్‌లో కూర్చుండిపోయిన గోవిందరాజ్‌ను కూడా తలుచుకోవాలి.

గోవిందరాజ్ అనే కాదు, ఆ వెస్టిండీస్ పర్యటనకు వెళ్ళిన హైదరాబాదు వారు మొత్తం ఐదుగురు: జయసింహ, ఆబిద్ అలీ, వికెట్ కీపర్ పోచయ్య కృష్ణమూర్తి, జయంతిలాల్, గోవిందరాజ్. కృష్ణమూర్తి ఆడిన టెస్టులు ఐదే, ఐదూ ఆ సిరీస్‌లోనివే. జయంతిలాల్ ఆడినది ఒక్కటే. ఒక ఊరు ఒక జట్టుకు ఐదుగురిని ఇచ్చిందంటే దాని వెనుక మైదానాలూ, లీగులూ, ఉద్యోగాలూ ఉండాలి. ఆబిద్ అలీ ఫీల్డింగు చూసి ముచ్చటపడి 1956లో హైదరాబాదు పాఠశాలల జట్టుకు ఎంపిక చేశారట. తరువాత స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ క్రికెట్ జట్టును ఏర్పాటు చేసినప్పుడు అందులో ఉద్యోగం దొరికింది. అక్కడ మొదట వికెట్ కీపరు, బౌలరు కావడం ఆ పిమ్మట. ఏ పని చెబితే ఆ పని చేసే అలవాటు అక్కడే పడిందేమో! 2017 ఏప్రిల్‌లో ఆ బ్యాంకు స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో విలీనమైంది. ఆ పేరుతో క్రికెట్ ఆడిన జట్టు కథ కూడా మెల్లగా చెప్పుకునేవారు లేని కథ అవుతోంది.

ఆట ముగిశాక ఆయన అమెరికాలో స్థిరపడ్డారు. మాల్దీవులకూ, యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌కూ, మన ఆంధ్ర రంజీ జట్టుకూ శిక్షణ ఇచ్చారు. పెద్ద జట్లేమీ కావు ఇవి. ఆ పని ఎలా చేయాలో బాగా తెలిసిన మనిషి కనుక ఆ ఎంపిక నాకు వింతగా తోచలేదు.

టెస్టు క్రికెట్‌ను ప్రేమించే మనం మాటిమాటికీ "ఐదు రోజుల ఆట" అని గర్వంగా చెప్పుకుంటాం. ఐదు రోజుల్లో ఒక సెంచరీ, ఒక ఐదు వికెట్ల ప్రదర్శన పట్టే సమయం ఎంత? మిగిలిన గంటలన్నీ ఎవరు మోస్తున్నారు? ఈసారి ఏదైనా పాత మ్యాచ్ స్కోరు పట్టిక తెరిచినప్పుడు సెంచరీ చేసినవాడి పేరు దగ్గర ఆగకండి. అతనితో కలిసి ఆవలి కొసన ఎవరున్నారో, కొత్త బంతి ఎవరు వేశారో, ఆ క్యాచు ఎవరు పట్టారో ఒక్కసారి చూడండి. ఆ పేర్లలో ఆబిద్ అలీ వంటివారు మరికొందరు కనిపిస్తారు. మీకు తెలిసినవారుంటే వారి గురించి వ్రాయండి. వారు మన మధ్య ఉండగానే వ్రాస్తే మరీ మంచిది.