ఓడల లెక్క వేరు, టన్నుల లెక్క వేరు

కాకినాడ ఎదుట ఎన్ని ఓడలు లంగరు వేసి వున్నాయో తెలుసుకోవడానికి ఇప్పుడు రేవు దాకా వెళ్ళనక్కరలేదు. మండపేటలో మిల్లు ఆఫీసులో కూర్చుని సెల్‌ఫోనులో చూసుకోవచ్చు. దీనితో బియ్యం వ్యాపారంలో ఒక అలవాటు బయలుదేరింది. తెరమీద ఓడలు లెక్కపెట్టి, ఇన్ని వేల టన్నులు పోతున్నాయని అంచనా కట్టి, దానిమీద బేరాలకు దిగడం. ఇది ఎంతవరకు క్షేమమో వర్తకులు ఆలోచించుకోవలసి వున్నది.

ఓడల ఉనికి తెలిపే ఈ విధానం పేరు ఎ.ఐ.ఎస్. ఓడలు ఒకదానినొకటి ఢీకొనకుండా ఏర్పాటు చేసినది. విదేశీ ప్రయాణం చేసే 300 గ్రాస్ టన్నులు, అంతకు మించిన ఓడలన్నిటికీ 2004 ఆఖరు నాటికి దీనిని తప్పనిసరి చేశారు. ఓడ పేరు, వున్న చోటు, వేగం ఇందులో తెలుస్తాయి. లోపల వున్నది బియ్యమో బొగ్గో తెలియదు.

మరి టన్నుల లెక్క ఎక్కడిది? ఓడ ఎన్ని మీటర్లు నీటిలో మునిగి వున్నదో, అంటే డ్రాఫ్ట్ ఎంతో, ఆ సంకేతంలో వుంటుంది. సెంటీమీటరు మునగడానికి 55 టన్నులు పట్టే ఓడ 6 మీటర్ల డ్రాఫ్ట్‌తో వచ్చి 10.5 మీటర్లతో వెళితే 24,750 టన్నులని లెక్క. అయితే ఖాళీగా వచ్చే ఓడ నిలకడ కోసం వేల టన్నుల సముద్రపు నీరు నింపుకుని వస్తుంది. సరుకు ఎక్కేకొద్దీ దానిని తోడి పారబోస్తుంది. ఆ బరువు కలపకపోతే అంచనా తగ్గిపోతుంది.

అసలు చిక్కు మరొకటి వున్నది. డ్రాఫ్ట్ అంకెను యంత్రం కొలవదు, ఓడమీది అధికారి చేతితో నమోదు చేస్తాడు. మార్చడం మరచిపోతే పాత అంకే కొనసాగుతుంది. అర మీటరు తేడా వస్తే 2,750 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 55,000 తేడా.

కాకినాడ లంగరు రేవులో బార్జీలు తెచ్చిన సరుకు ఓడ నిలిచిన చోటే ఎక్కుతుంది. కాబట్టి ఎదురుచూస్తున్న ఓడ, లోడింగు జరుగుతున్న ఓడ తెరమీద ఒకేలా కనిపిస్తాయి. 2023 జూలై 20న బాస్మతీయేతర తెల్లబియ్యం ఎగుమతిని నిషేధించినపుడు, అప్పటికే లోడింగు మొదలైన ఓడలకు, షిప్పింగు బిల్లు దాఖలై, రేవు చేరి రొటేషన్ నంబరు పొందిన ఓడలకు కేంద్రం మినహాయింపు ఇచ్చింది. ఏది కదిలేదీ, ఏది ఆగేదీ తేల్చినవి కాగితాలే గాని తెరమీది చుక్కలు కావు. ఆ నిషేధం 2024 సెప్టెంబరులో తొలగినా ఆ పాఠం మిగిలే వున్నది.

అట్లని ఈ సమాచారాన్ని కొట్టిపారవేయడం సరికాదు. కోల్‌కతాలోని డి.జి.సి.ఐ.ఎస్. ఎగుమతి లెక్కలు వెలువడేసరికి వారాలు గడిచిపోతాయి. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2023లో ప్రారంభించిన పోర్ట్‌వాచ్ ఓడల సంకేతాల ఆధారంగానే సముద్ర వర్తకాన్ని అంచనా వేస్తున్నది. వేల ఓడలను కలిపి చూసినపుడు పొరపాట్లు కొంతవరకు సర్దుకుంటాయి. ఒక్క రేవు, ఒక్క వారం, ఒక్క సరుకు విషయంలో సర్దుకోవు.

పెద్ద ఎగుమతిదారుకు తన బార్జీల లెక్క రోజూ చేతిలో వుంటుంది. తెరను నమ్ముకుని అప్పు తెచ్చి సరుకు పట్టి నష్టపోయేది చిన్న మిల్లరు, బ్రోకరు. ఓడలెన్ని వచ్చాయి, ఎన్నాళ్ళు ఆగాయి అన్నంతవరకు తెరను నమ్మవచ్చు. టన్నుల విషయంలో షిప్పింగు ఏజెంటును విచారించిన తరువాతే బేరం ఖాయం చేసుకోవడం మంచిది.