ఓటమి నాడు తెలిసే అభిమాని

ఒక మనిషి స్వభావం తెలియాలంటే అతనితో కలిసి ప్రయాణం చేయాలి, లేదా డబ్బు వ్యవహారం నడపాలి అని మన పెద్దలు చెబుతూ ఉంటారు. ఈ కాలంలో దానికి మూడవ మార్గం ఒకటి ఏర్పడింది. అతని పక్కన కూర్చొని ఒక క్రికెట్ మ్యాచ్ చూడాలి. అతని జట్టు ఓడిపోయే మ్యాచ్ అయితే మరీ మంచిది.

మైదానంలో దిగేది పదకొండు మందే అయినా మన ఇళ్లలో ఆ ఆటలో పాలుపంచుకోని వారు అరుదు. మంచం మీద కూర్చున్న దాదా మొదలుకొని మూడవ తరగతి చదివే మనవడి వరకు, వంటగదిలో రొట్టెలు కాలుస్తున్న ఇల్లాలి వరకు అందరికీ అందులో భాగం ఉంది. ఆట ఎంతసేపు చూడవచ్చు, ఎప్పుడు లేవాలి అన్నది వేరే చర్చ. ఈ నెల చూసేవారి స్వభావాలను గురించి నాలుగు మాటలు ముచ్చటించుకుందాం. ఒకే తెర ముందు కూర్చున్న పది మందిలో పది రకాల అభిమానులు ఉంటారు. పిల్లలు వారిలో ఎవరిని చూసి నేర్చుకుంటున్నారన్నది తల్లిదండ్రులు గమనించవలసిన విషయం.

జ్ఞాపకాల పెద్దాయన

ప్రతి ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. ఆయనకు క్రికెట్ కనబడక ముందు వినబడింది. ట్రాన్సిస్టర్‌ను చెవికి ఆనించుకొని వ్యాఖ్యానం విన్న తరం అది. 1983 జూన్ 25న లార్డ్స్ మైదానంలో మన జట్టు 183 పరుగులకే ఆలౌటై, వెస్టిండీస్‌ను 140కే కట్టడి చేసి, 43 పరుగులతో ప్రపంచ కప్పు గెలిచిన రాత్రిని ఆయన నిన్న జరిగినట్లు చెబుతారు. హైదరాబాదు వైపు పెద్దలైతే ఇంకా వెనక్కు వెళతారు. 1971 ఆగస్టులో ఓవల్ మైదానంలో ఇంగ్లండు గడ్డపై మనకు తొలి సిరీస్ విజయం లభించినప్పుడు గెలుపు పరుగులు కొట్టినవాడు సయ్యద్ ఆబిద్ అలీ అనీ, ఆయన హైదరాబాదీ అనీ గర్వంగా గుర్తు చేస్తారు.

ఈ రకం అభిమానిలో నిదానం ఉంటుంది. ఎన్నో ఓటములు చూసినవారు గనుక ఒక ఓటమికి కుంగిపోరు. ఆయనలో లోపం ఒక్కటే. ఈనాటి కుర్రవాళ్లు ఎంత బాగా ఆడినా ఆయన కంటికి ఆనరు. అయినా పిల్లలు ఆయన పక్కన కూర్చోవడం మంచిది. ఓడిన మరుసటి రోజు కూడా సూర్యుడు ఉదయిస్తాడని వారికి తెలుస్తుంది.

లెక్కల అభిమాని

వారసత్వ పంపకాల పాఠంలో ఆరవ వంతుకూ ఎనిమిదవ వంతుకూ మధ్య తడబడే విద్యార్థి, మిగిలిన బంతులు, కావలసిన పరుగులు చెప్పగానే ఓవరుకు ఎన్ని రావాలో కాగితం లేకుండా చెప్పేస్తాడు. ముప్పై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఇది నేటికీ ఆశ్చర్యమే. బుద్ధి లేక కాదు, అది అక్కడ లగ్నం కాలేదు, ఇక్కడ లగ్నమైంది. తెలివైన ఉపాధ్యాయుడు, తెలివైన తండ్రి దీనిని చూసి కోప్పడరు. ఆ లెక్కనే పట్టుకొని పాఠంలోకి తీసుకువస్తారు.

లెక్కల అభిమాని సాధారణంగా ఎవరినీ నొప్పించడు. అయితే అంకెలు చెప్పనిది కూడా కొంత ఉందని అతడు అప్పుడప్పుడు గ్రహించాలి. 2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియా మీద మన జట్టు 274 పరుగులు వెనుకబడి ఫాలో ఆన్ ఆడవలసి వచ్చింది. ఆనాటి లెక్క ప్రకారం ఆట ముగిసినట్లే. హైదరాబాదు నుంచి వెళ్లిన లక్ష్మణ్, ద్రవిడ్‌తో కలిసి నాలుగవ రోజంతా వికెట్ పోకుండా నిలిచాడు. అతడు 281 పరుగులు చేశాడు. మ్యాచ్ మనం గెలిచాం. నిరాశ చెందకుండా నిలబడేవారి పట్టుదల ఏ పట్టికలోనూ ముందుగా కనబడదు.

శకునాల అభిమాని

ఇతడు కూర్చున్న చోటు నుంచి కదలడు, ఎవరినీ కదలనివ్వడు. ఎవరైనా మంచినీళ్లకు లేచిన క్షణంలో వికెట్ పడితే ఆ నేరం లేచినవారిదే. చాలా ఇళ్లలో ఈ నిందకు బలి అయ్యేది చిన్న ఆడపిల్ల. "నువ్వు వచ్చావు, వికెట్ పడింది. బయటికి పో" అని అన్న అంటాడు. అందరూ నవ్వుతారు. ఆ పిల్ల కూడా నవ్వినట్లే నటించి గుమ్మం అవతల నిలబడుతుంది.

ఇది వేళాకోళంగానే మొదలవుతుంది. కాని తాను కాలు పెడితే చెడు జరుగుతుందన్న మాట ఒక పసిమనసులో నాటుకుంటే అది ఆటతో ఆగదు. మేలూ కీడూ అల్లాహ్ చేతిలో ఉన్నాయని విశ్వసించే ఇంట్లో, మెల్‌బోర్న్‌లో పడిన బంతికీ కర్నూలులో కదిలిన కుర్చీకీ సంబంధం కలపడం తగని పని. ఆ పిల్లను పిలిచి పక్కన కూర్చోబెట్టుకోవలసింది తండ్రి. తరువాత ఎన్ని వికెట్లు పడినా ఫరవాలేదు.

ఇంటి కోచ్

బ్యాటు పట్టని ఈ పండితునికి కెప్టెన్ చేసే ప్రతి తప్పూ ముందే తెలుసు. స్పిన్నరును ఎందుకు దింపలేదు, ఫీల్డరును ఎందుకు జరపలేదు అని తెరతో వాదిస్తాడు. గెలిస్తే తాను చెప్పినట్లే జరిగిందంటాడు. ఓడితే తన మాట వినలేదంటాడు. ఇతని వల్ల పెద్ద ప్రమాదం లేదు. ఇదే అలవాటు ఇంటి వ్యవహారాలకు పాకినప్పుడు మాత్రం చిక్కు. పరీక్షలో 82 మార్కులు తెచ్చుకున్న కొడుకుతో మిగతా 18 గురించి మాత్రమే మాట్లాడే తండ్రి ఈ కోవకు చెందినవాడే.

ఒక్కరి అభిమాని

కొందరికి జట్టుతో పని లేదు, ఒక్క మనిషితోనే పని. ఆ మనిషి ఔటైతే టెలివిజన్ ఆగిపోతుంది. 1984 చివరి రోజున కలకత్తాలో టెస్టు ఆట మొదలుపెట్టి, మొదటి మూడు టెస్టులలోనూ శతకాలు చేసిన అజహరుద్దీన్ చిత్రం ఆ రోజులలో హైదరాబాదు పాతబస్తీ దుకాణాలలో, ఇళ్లలో ఎన్ని గోడల మీద ఉండేదో ఆనాటివారికి తెలుసు. ఆయన మణికట్టు తిప్పుడును గల్లీ పిల్లలందరూ అనుకరించేవారు. 2000లో మ్యాచ్ ఫిక్సింగ్ ఆరోపణలు వచ్చి క్రికెట్ బోర్డు ఆయనపై జీవితకాల నిషేధం విధించింది. 2012లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ నిషేధం చెల్లదని తీర్పు చెప్పింది. ఆ పన్నెండేళ్లు ఆయన అభిమానులు పడిన వేదన తక్కువది కాదు. కొందరు చిత్రాన్ని దించారు, కొందరు ఒక్క మాట వినడానికీ ఒప్పుకోలేదు.

ఏ మనిషినైనా అతని ప్రతిభ మేరకు ప్రేమించవచ్చు. కాని మన మనశ్శాంతి మొత్తాన్ని తీసుకువెళ్లి మరొక మనిషి భుజాల మీద పెట్టడం అతనికీ భారమే, మనకూ ప్రమాదమే. పిల్లవాడు ఒక ఆటగాణ్ణి ఆరాధిస్తున్నాడని గమనించినప్పుడు ఆ చిత్రాన్ని చించివేయడం కన్నా, ఆ ఆటగాడు తెల్లవారుజామున లేచి ఎంత సాధన చేస్తాడో, ఎన్నిసార్లు విఫలుడయ్యాడో చెప్పడం ఎక్కువ పనిచేస్తుంది.

కోపిష్టి అభిమాని

ఇక అసలు విషయానికి వద్దాం. పై రకాలన్నీ నవ్వుకోదగినవే. నవ్వు ఆగిపోయేది ఇక్కడ.

1996 మార్చి 13న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రపంచ కప్పు సెమీ ఫైనల్ జరిగింది. శ్రీలంక మీద 252 పరుగులు చేయవలసిన మన జట్టు 120కి ఎనిమిది వికెట్లు పోగొట్టుకుంది. ప్రేక్షకులు సీసాలు విసిరారు, నిప్పు పెట్టారు. ఆట ఆపి శ్రీలంక గెలిచినట్లు ప్రకటించవలసి వచ్చింది. 2007 ప్రపంచ కప్పులో బంగ్లాదేశ్ చేతిలో ఓడినప్పుడు రాంచీలో కడుతున్న ధోనీ ఇంటి మీదికి గుంపు వెళ్లింది. నేడు సీసా విసరడానికి మైదానం దాకా పోనక్కరలేదు. ప్రతి చేతిలోనూ ఫోను ఉంది.

2021 అక్టోబరు 24న దుబాయిలో పాకిస్తాన్ మన జట్టును పది వికెట్లతో ఓడించింది. ఆ రోజు మన బౌలర్లలో ఒక్కరికీ ఒక్క వికెట్ దక్కలేదు. కాని తిట్లన్నీ వెతుక్కుంటూ వెళ్లి ఒక్క ముహమ్మద్ షమీ మీద పడ్డాయి. అతని బౌలింగ్‌ను విడిచి అతని మతాన్ని పట్టుకున్నాయి. మన ఇళ్లలో ఆ రాత్రి చాలామంది మౌనంగా భోజనం ముగించి ఉంటారు. వారం తిరగకముందే కెప్టెన్ విరాట్ కోహ్లీ విలేకరుల ముందు, మతం పేరిట ఒక మనిషిని వేధించడం అత్యంత హీనమైన పని అని నిక్కచ్చిగా చెప్పాడు. జట్టు తన సహచరుని వెనుక నిలబడింది. ఆ మాటను మనం మరచిపోకూడదు. మరుసటి ఏడాది ఆసియా కప్పులో ఒక క్యాచ్ జారవిడిచినందుకు సిక్కు యువకుడు అర్ష్‌దీప్ సింగ్‌ను వేర్పాటువాది అన్నారు. మనిషి మారాడు, రోగం అదే.

అయితే ఇక్కడ మనం మనల్ని కూడా ఒక ప్రశ్న వేసుకోవాలి. షమీ విషయంలో నొచ్చుకున్న మన పిల్లలే, మరో రోజు మరో ఆటగాడు రనౌట్ అయినప్పుడు అతని తల్లిని, భార్యను దూషిస్తూ రాయడం లేదా? మన ఇంటి ఫోను నుంచి వెళ్లిన మాటకు మనమే జవాబుదారులం. ఓటమి బాధ సహజం. ఆ బాధకు నోరు ఇచ్చేటప్పుడే మనిషి సంస్కారం బయటపడుతుంది.

ఈ పాఠం ఇటీవలి ఉదాహరణలో మరింత స్పష్టంగా ఉంది. 2025 ఆగస్టు 3న ఓవల్‌లో సిరాజ్ ఒక క్యాచ్ పట్టి, అడుగు వెనక్కు వేసి సరిహద్దు తొక్కాడు. అప్పటికి 19 పరుగుల మీద ఉన్న బ్రూక్ 111 చేశాడు. ఆ సాయంత్రం సిరాజ్ మీద ఎన్ని మాటలు పడి ఉంటాయో ఊహించవచ్చు. మరుసటి ఉదయం ఇంగ్లండుకు 35 పరుగులు కావాలి, నాలుగు వికెట్లు ఉన్నాయి. అందులో మూడు వికెట్లు సిరాజే తీశాడు. ఆరు పరుగులతో మనం గెలిచాం. ఆబిద్ అలీ గెలుపు పరుగులు కొట్టిన ఆ మైదానంలోనే, 54 ఏళ్ల తరువాత మరొక హైదరాబాదీ చివరి వికెట్ పడగొట్టాడు. రాత్రి తిట్టిన నోళ్లే ఉదయం పొగిడాయి. ఒక్క రాత్రి ఓపిక పట్టి ఉంటే ఆ నోళ్లకు ఎంత మర్యాద మిగిలేది!

అభిమాని వేషంలో జూదరి

ఒక రకం మనిషి ప్రతి మ్యాచ్ చూస్తాడు గాని అతడు అభిమాని కాడు. ఏ జట్టు గెలిచినా అతనికి ఆనందం లేదు. ప్రతి ఓవరుకూ ఫోను చూసుకుంటాడు, ఎవరైనా దగ్గరికి వస్తే తిప్పి పెడతాడు. ఓడినప్పుడు అతని ముఖంలో కనబడేది బాధ కాదు, భయం. తల్లులు ఈ తేడాను గుర్తుపట్టాలి. పందెం మన ధర్మంలో నిషిద్ధమని అందరికీ తెలుసు. చట్టం కూడా దానికి వ్యతిరేకమే. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2020లో ఆన్‌లైన్ పందేల మీద నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అయినా దొంగ దారులు మూతపడలేదు. కొడుకు చేతిలో ఈ భయం కనబడితే అరవకుండా, తలుపు వేసి, ఎంత అప్పు ఉందో నెమ్మదిగా అడగండి. ఇంట్లో చెప్పుకోగలిగినవాడు దారికి వస్తాడు. చెప్పుకోలేనివాడు అప్పు తీర్చడానికి మరో అప్పు చేస్తాడు.

మాట్లాడని అభిమాని

వంటగదిలో నుంచి "ఆ పిల్లాడు ఎట్లా ఆడాడు?" అని అడిగే తల్లిని కూడా అభిమానుల లెక్కలో చేర్చాలి. ఆమెకు ఆటగాడు ఎవరో తల్లి కన్న బిడ్డ. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో ఉండగా, ఆటో నడిపి అతణ్ణి పెంచిన తండ్రి హైదరాబాదులో మరణించాడు. తల్లి ధైర్యం చెప్పగా అతడు అక్కడే ఉండిపోయాడు. 2021 జనవరిలో సిడ్నీలో ప్రేక్షకులు తనను దూషించినప్పుడు నేరుగా అంపైరుకు చెప్పాడు. తరువాతి టెస్టులో బ్రిస్బేన్‌లో ఒకే ఇన్నింగ్స్‌లో ఐదు వికెట్లు తీశాడు. దూషణకు జవాబు ఎలా ఇవ్వాలో మన పిల్లలకు చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఏముంటుంది?

చివరిగా, అభిమానులలో ఉత్తములు ఎవరని అడిగితే నేను మద్రాసు చేపాక్ మైదానంలోని ప్రేక్షకులను చూపుతాను. 1999 జనవరి 31న పాకిస్తాన్ మీద 271 పరుగులు కావలసి ఉండగా, టెండూల్కర్ 136 చేసి ఔటయ్యాక మన జట్టు 12 పరుగుల దూరంలో ఓడిపోయింది. గుండె పగిలే ఓటమి అది. కొద్ది క్షణాలు నిశ్శబ్దంగా ఉన్న ఆ జనం లేచి నిలబడి గెలిచినవారికి చప్పట్లు కొట్టింది. పాకిస్తాన్ ఆటగాళ్లు మైదానం చుట్టూ తిరిగి ఆ గౌరవాన్ని స్వీకరించారు. తమ జట్టు మీద వారికి ప్రేమ తక్కువై అలా చేయలేదు. ప్రేమతో పాటు న్యాయం కూడా ఉంది గనుక చేశారు.

తల్లిదండ్రులకు నా మనవి ఇంతే. ఈసారి మన జట్టు ఓడిన రాత్రి మీ ఇంట్లో కోపం ఎవరి మీద పడుతోందో గమనించండి. చెల్లి మీద పడితే ఆమెను దగ్గరకు తీసుకోండి. ఆటగాడి తల్లి మీద పడితే ఫోను పక్కన పెట్టించండి. ఎవరి మీదా పడకుండా "వాళ్లు బాగా ఆడారు" అన్న మాట మీ పిల్లవాడి నోట వస్తే, ఆ పెంపకానికి అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెప్పుకోండి. తెల్లవారితే ఫజ్ర్ ఉంది, బడి ఉంది, ఆట మళ్లీ ఉంటుంది.