పొరుగు అంగడి

ప్రకృతిని కాపాడవలెనని ఒక సభలోను, స్థానిక వృత్తులను ఆదుకొనవలెనని మరియొక సభలోను పెద్దలు చెప్పుచుందురు. ఈ రెండును వేర్వేరు ధర్మములని మనము తలచుచున్నాము. నల్లగొండ, మహబూబునగరము వంటి పట్టణముల వీధులను పరికించినచో ఇవి రెండును ఒక్కటే యని నాకు తోచుచున్నది. దగ్గర తయారైన వస్తువునకు దూరప్రయాణము లేదు. దానికి పెట్టెలు, అట్టలు, మెరుగు సంచులు అక్కరలేదు. చెడినచో బాగుచేయువాడును దగ్గరనే యుండును.

కృష్ణానది ప్రక్కనే పారుచున్నను ఇది వాన తక్కువైన మెట్టప్రాంతము. పాలమూరు కూలీలు తరతరములుగా దూరదేశములకు వలసపోయి ఆనకట్టలు, కాలువలు, భవనములు కట్టిరి. ఇంట పని దొరకనివాడు ఊరు విడువక ఏమి చేయును? కావున ఇక్కడ ఒక చేతివృత్తి నిలుచుట యనగా ఒక కుటుంబము తన యింట నిలుచుటయే. నారాయణపేట, గద్వాలలందును, 2016 వరకు నల్లగొండ జిల్లాలో నుండిన పోచంపల్లి, పుట్టపాకలందును మగ్గము చేసిన మేలు ఇదియే.

పోచంపల్లి చీరను చూచి మెచ్చుకొనుట సులభము. దాని వెనుకనున్న శ్రమను ఊహించుట కష్టము. నూలును నమూనా ననుసరించి అక్కడక్కడ బిగించి కట్టి, రంగులో ముంచి, విప్పి, మరల కట్టి, వేరొక రంగులో ముంచుదురు. నేత మొదలుకాక మునుపే బొమ్మ దారములో నుండును. అంతకు ముందు ఆసు పోయవలెను. అనగా వరుసగా నిలిపిన మేకుల చుట్టు దారమును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి దాదాపు 9,000 సార్లు అటునిటు కదలవలెనని చెప్పుదురు. ఈ పని యెక్కువగా స్త్రీలదే. ఆలేరు సమీపమున శారాజీపేటలో చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి భుజముల నొప్పితో బాధపడుట చూచెను. ఆరవ తరగతితోనే చదువు మానినవాడైనను, ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధము చేసెను. దానికి తల్లిపేరే పెట్టెను. 2017లో ఆయనకు పద్మశ్రీ లభించినది. యంత్రము వచ్చిన తరువాత నాలుగైదు గంటల ఆసు పని గంటన్నరకు తగ్గినది. చేతివృత్తివారు మార్పును సహింపరని పలుకువారు ఈ సంగతి నెరుగవలెను.

అయితే పొరుగు అంగడిలో కొన్నంత మాత్రమున పొరుగువానికి మేలు జరిగినదని తలపరాదు. పోచంపల్లి నమూనాలను యంత్రపు బట్టపై అద్ది, ఆ పేరుతోనే అమ్మువారు కలరు. పోచంపల్లి ఇక్కత్తుకు 2004-05లోనే భౌగోళిక గుర్తింపు లభించినను ఈ అనుకరణ ఆగలేదు. అసలైన దానిని పోల్చుట కష్టము కాదు. దానిలో బొమ్మ రెండువైపుల ఒకే తీరున నుండును. బొమ్మ అంచులు ఈకవలె కొంచెము చెదరినట్లు కనబడును. అద్దిన బట్ట వెనుకవైపున సాధారణముగా వెలవెలబోవును. చేనేత ముద్ర ఉన్నదా యని దుకాణదారుని అడుగుడు. అడుగువారు పదిమంది యైనచో అతడే తెప్పించును.

ధర సంగతి దాచరాదు. మగ్గపు బట్ట ప్రియము. దినకూలితో బ్రదుకు కుటుంబము దానిని కొనలేదని నిందించుట అన్యాయము. నా మాట వారితో కాదు. పండుగకొక చౌకబట్ట కొని, రెండు ఉతుకులకే మూలకు విసరువారితో నా వాదము. జాలితో కొనవలెనని కూడ నేననను; నేతగాడు కోరునది జాలి కాదు, బేరము.

ఇక విందుల మాట. 2022 జులై 1 నుండి ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్ పళ్లెములు, గ్లాసులు దేశమంతట నిషేధింపబడినవి. మోదుగచెట్టు మన బీళ్లలో ఎవరును నీరు పోయకయే పెరుగును. ఆ ఆకులను సన్నని పుల్లలతో కుట్టిన విస్తరిలో అన్నము తిని పారవేసినచో దానిని పశువు తినును, లేదా నేల తినును. విస్తరి కుట్టిన చేతికి నాలుగు రూకలు దక్కును. అడుగున ప్లాస్టిక్ పొర అంటించిన విస్తరులను నేను విస్తరులుగా లెక్కింపను.

మూలమీది కిరాణా దుకాణములోని సరకులలో అధికభాగము దూరమునుండి వచ్చినవే. ఐనను మన డబ్బాలో పోయుమన్నచో అతడు పోయును. పావుకిలో యైనను తూచును. జీతము రాని నెలలో ఖాతా వ్రాసుకొనును. చెప్పుల తెగిన వారును, గొడుగు విరిగిన కమ్మియు బాగుచేయువాడు అదే వీధిలో నీడపట్టున కూర్చుండును. అతని యొద్దకు పోయిన ప్రతి వస్తువును చెత్తకుప్పకు పోని వస్తువే.

వానకాలము ముగియగానే పాలమూరు సీతాఫలములు బజారుకు వచ్చును. వీనిలో బాలానగరు రకము పేరుగన్నది. గట్లమీదను, గుట్టలమీదను కాసిన పండ్లను గంపలకెత్తి, తెల్లవారకమునుపే బయలుదేరి, స్త్రీలు వీధివీధి తిరిగి అమ్ముదురు. అద్దాల తలుపుల దుకాణములో చీటీపై నున్న ధరను మారుమాటాడక చెల్లించి వచ్చిన పెద్దమనిషి, ఆ గంప ముందు నిలిచి అయిదు రూపాయలకై పావుగంట బేరమాడును. పండ్లు మెత్తబడునను భయముతో ఆమె చివరకు ఒప్పుకొనును.